సముద్రగర్భ ఇనుప ఖనిజాల కిట్టు: మూడో నంబరు సీసాను నమ్మకండి

డిగ్రీ కాలేజీల ల్యాబులకు హైదరాబాద్ సప్లయర్లు పంపుతున్న 'సముద్రగర్భ వేడినీటి ఊటల ఇనుప ఖనిజాలు' పెట్టె మీద ఈ సమీక్ష. నల్లగొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల వైపు జియాలజీ, కెమిస్ట్రీ చెప్పేవాళ్లు ఇండెంటు మీద సంతకం పెట్టే ముందు చదువుకుంటే పనికొస్తుంది. ధర ఆరు వేల చిల్లర, జీఎస్టీ వేరు. పెట్టెలో 12 రాళ్లు, 4 పొడి సీసాలు, 3 మైక్రోస్కోపు స్లైడ్లు, 5 రసాయనాల పొట్లాలు, ఒక అయస్కాంతం, ఒక స్ట్రీక్ ప్లేటు (రాయితో గీసి పొడి రంగు చూసే పలక), 40 పేజీల తెలుగు పుస్తకం ఉంటాయి.

రాళ్లు బాగున్నాయి. రసాయనాలు కూడా బాగానే ఉన్నాయి, కొలతలే తప్పు. అసలు చిక్కంతా పెట్టెకు ప్రాణం లాంటి మూడో నంబరు సీసాతో వచ్చింది. దాని మీద 'ఫెర్రిహైడ్రైట్' అని రాశారు. లోపల ఉన్నది మాత్రం ఫెర్రిహైడ్రైట్ కాదు.

ఫెర్రిహైడ్రైట్ ఎందుకంత ముఖ్యమో ముందు చెప్పుకోవాలి. సముద్రం అడుగున రెండు మూడు కిలోమీటర్ల లోతులో రాతి పగుళ్ల నుంచి సుమారు 350 డిగ్రీల వేడినీళ్లు తన్నుకొస్తాయి. అంత లోతున ఒత్తిడి ఎక్కువ కాబట్టి అవి మరగవు. ఆ నీళ్ల పీహెచ్ 3, 4 మధ్య ఉంటుంది. లీటరుకు మిల్లీమోళ్ల లెక్కన ఇనుము కరిగి ఉంటుంది. బయటి సముద్రపు నీళ్లు 2 డిగ్రీల చల్లదనంలో, పీహెచ్ 8కి కాస్త తక్కువగా ఉంటాయి, వాటిలో కరిగిన ఇనుము నానోమోలుకు అటూ ఇటూ. అంటే లక్షల రెట్ల తేడా. రెండూ కలిసిన చోట కొంత ఇనుము గంధకంతో కలిసి పైరోటైట్, పైరైట్, చాల్కోపైరైట్ రేణువులుగా మారుతుంది. 'నల్లపొగ' అంటున్నది దాన్నే. గంధకానికి దొరకని ఇనుము ఆక్సిజన్ తగిలి తుప్పవుతుంది. ఆ తుప్పులో మొదట పుట్టే ఖనిజం ఫెర్రిహైడ్రైట్. కణాలు కొన్ని నానోమీటర్లే, స్ఫటిక నిర్మాణం అరకొర, ఉపరితలం మాత్రం విపరీతం. నీళ్లలోని ఫాస్ఫేటును, వనేడియాన్ని, ఆర్సెనిక్‌ను పట్టుకుని అడుగుకు దించేది ఇదే. కాలం గడిచే కొద్దీ అది ఇంకా స్థిరమైన ఇనుప ఖనిజాలైన గోథైట్‌గానో హెమటైట్‌గానో మారిపోతుంది. కాబట్టి ఈ పాఠంలో పిల్లలకు చూపించాల్సింది ఖనిజాన్ని కాదు, మారడాన్ని. సీసాలో పెట్టి అమ్మితే ఆ మార్పు మన కంటపడకుండా గోదాములోనే అయిపోతుంది.

అయిపోయింది కూడా. ఈ సీసాలోది పొడి కాదు, తడి ముద్ద. పూర్తిగా ఆరబెట్టి, తేమ తగలకుండా మూసి ఉంటే ఫెర్రిహైడ్రైట్ కొంతకాలం నిలుస్తుంది. తడి మిగిల్చి మూత బిగిస్తే లోలోపలే కరిగి గోథైట్‌గా పేరుకుంటుంది, వేడి ఎక్కువైతే పని ఇంకా తొందరగా అవుతుంది. మే నెలలో నల్లగొండ స్టోర్‌రూమ్ ఎట్లా ఉంటుందో వేరే చెప్పాలా? తయారైన తేదీ సీసా మీద లేదు. సప్లయర్‌ను మొదట అడగాల్సింది అదే.

రంగు చూసి సగం తేల్చేయవచ్చు. తాజా ఫెర్రిహైడ్రైట్ ముదురు గోధుమలో ఎరుపు కలిసిన రంగులో, కాఫీ డికాక్షన్ మడ్డిలా ఉంటుంది. ఈ సీసాలోది ఆవపిండి రంగుకు దిగింది. ఆ రంగు గోథైట్‌ది. మిగతా సగం తేల్చడానికి ఆక్సలేట్ పరీక్ష చేయాలి. దానికి స్ఫటిక నిర్మాణాన్ని ఎక్స్-కిరణాలతో చూసే ఎక్స్‌ఆర్‌డీ యంత్రం అక్కర్లేదు, మామూలు కెమిస్ట్రీ ల్యాబు చాలు.

లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 28.4 గ్రాముల అమ్మోనియం ఆక్సలేట్ కరిగించాలి. మరో లీటరులో 25.2 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం కరిగించాలి. మొదటిది నాలుగు వంతులు, రెండోది మూడు వంతులు కలిపి, పీహెచ్ మీటరు చూస్తూ 3 దగ్గర నిలపాలి. సీసాలోని ముద్దను ఆరనిచ్చి, 50 మిల్లీగ్రాములు తూచి, ఈ ద్రావణం 100 మి.లీ.లో వేసి, ఫ్లాస్కుకు అల్యూమినియం ఫాయిల్ చుట్టి రెండు గంటలు కుదపాలి. ఫెర్రిహైడ్రైట్ అయితే దాదాపు అంతా కరిగి ద్రావణం తేటపడుతుంది. గోథైట్, హెమటైట్ అయితే అడుగున మిగిలిపోతాయి. ఈ సీసాలోది ఎక్కువ భాగం అడుగునే మిగిలింది. ఫాయిల్ విషయంలో బద్ధకించకూడదు: వెలుతురు తగిలితే ఆక్సలేట్ ఇనుమును క్షయీకరించి గోథైట్‌ను కూడా కరిగించేస్తుంది, అప్పుడు చెడ్డ సీసా కూడా పాసవుతుంది. అయస్కాంతానికి అంటుకునే నల్ల ఇనుప ఖనిజం మాగ్నెటైట్ కలిసిన నమూనాల మీద ఈ పరీక్షను నమ్మవద్దు, అది కూడా కొంత కరుగుతుంది. ఆక్సాలిక్ ఆమ్లం విషం, పిపెట్‌ను నోటితో పీల్చే అలవాటున్న ల్యాబుల్లో ఆ అలవాటు ఆ రోజైనా మానాలి.

ఇక ప్రయోగాల దగ్గరికి. పుస్తకంలో మొదటి ప్రయోగం పేరు 'మీ బీకరులో వేడినీటి ఊట'. 500 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో ఉప్పు పొట్లం వేసి, అందులో 5 గ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ కలిపి, గాలి ఊదితే ఎర్రటి అవక్షేపం వస్తుందని రాశారు. చేసి చూస్తే నీళ్లు పచ్చపచ్చగానే ఉండి, మెల్లగా పసుపు తిరిగి, అక్కడే ఆగిపోతాయి. పిల్లలు గంటసేపు ఊదినా అంతే. రసాయనం పాతదని సప్లయర్ మీద విరుచుకుపడటానికి ముందు లెక్క చూడాలి, ఎందుకంటే పొట్లంలోని ఫెర్రస్ సల్ఫేట్ లేతపచ్చగా, శుభ్రంగానే ఉంది.

5 గ్రాములు అర లీటరులో వేస్తే లీటరుకు 36 మిల్లీమోళ్ల ఇనుము అవుతుంది. ప్రతి ఇనుప అయాను ఆక్సీకరణం చెంది హైడ్రాక్సైడ్‌గా పడినప్పుడు రెండు హైడ్రోజన్ అయాన్లు విడుదలవుతాయి. ఇనుమంతా మారాలంటే లీటరుకు 72 మిల్లీమోళ్ల ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లాన్ని తటస్థం చేసే బైకార్బొనేటు (వంటసోడాలో ఉండేదే) సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 2.3 మిల్లీమోళ్లు. డిస్టిల్డ్ వాటర్‌లో అదీ లేదు. కాబట్టి మొదటి చిటికెడు ఇనుము మారగానే పీహెచ్ పడిపోతుంది. పీహెచ్ ఒక్క అంకె తగ్గితే ఇనుము ఆక్సీకరణ వేగం నూరో వంతుకు దిగుతుంది, 1961లో స్టమ్, లీ అనే శాస్త్రవేత్తలు కొలిచి చెప్పిన సూత్రం ఇది. రెండంకెలు తగ్గితే పదివేలో వంతు. అందుకే ఊదీ ఊదీ దవడలు నొప్పి పుడతాయి తప్ప అవక్షేపం రాదు. ఉప్పు పొట్లం పెట్టినవాళ్లు వంటసోడా పొట్లం ఎందుకు మరిచిపోయారో అర్థం కాదు. సముద్రమంటే ఉప్పుదనం ఒక్కటే అనుకున్నట్టున్నారు.

సరైన కొలత ఇది. లీటరు నీళ్లకు 35 గ్రాముల ఉప్పు, 0.2 గ్రాముల వంటసోడా. వేరే గ్లాసులో 50 మి.లీ. నీళ్లను పది నిమిషాలు మరగబెట్టి, మూతపెట్టి చల్లార్చి, ఒక్క చుక్క సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి, 0.28 గ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ కరిగించాలి. మరగబెట్టేది కరిగిన ఆక్సిజన్ పోవడానికి, ఆమ్లం చుక్క గ్లాసులోనే తుప్పు మొదలవకుండా ఆపడానికి. ఇదే మన 'ఊట నీళ్లు'. దీన్ని ఉప్పునీళ్లలో పోసి, అక్వేరియం పంపుతో గాలి పెడితే కొద్ది నిమిషాల్లో లేత నారింజ మబ్బు లేస్తుంది. ఇప్పుడు ఇనుము లీటరుకు 1 మిల్లీమోలు. తూర్పు పసిఫిక్ శిఖరం (సముద్రం అడుగున సాగే పర్వతశ్రేణి) మీద 21 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర 1979లో మొదటిసారి చూసిన నల్లపొగ గొట్టాల నీళ్లలోనూ ఇనుము ఇంచుమించు ఈ స్థాయిలోనే ఉంది. పుట్టే ఆమ్లం 2 మిల్లీమోళ్లు, వంటసోడా దాదాపు దాన్ని మోస్తుంది. చివర్లో వేగం తగ్గినట్టు కనిపిస్తే అది కార్బన్ డయాక్సైడు పేరుకోవడం వల్ల. పంపు ఆపకుండా ఉంచితే ఆ వాయువు పోయి పీహెచ్ మళ్లీ పైకొస్తుంది. పంపు లేని చోట ఫెర్రస్ సల్ఫేటును 0.14 గ్రాములకు తగ్గించండి.

మన దగ్గర ఇంకా తేలిక మార్గం ఉంది. నల్లగొండ గ్రానైట్ బోర్ల నీళ్లలో ఫ్లోరైడు ఒక్కటే కాదు, బైకార్బొనేటు కూడా దండిగా ఉంటుంది, నిజానికి రెండూ జంటగా నడుస్తాయి. క్షారత లీటరుకు 300 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు 3 మిల్లీమోళ్ల ఇనుమును వంటసోడా లేకుండానే మోస్తాయి. ఆర్వో ప్లాంటు క్యాన్ నీళ్లు మాత్రం వాడకండి, ఆ క్షారతను తీసేయడమే వాటి పని.

ఫెర్రస్ సల్ఫేటు అంటే మన ఎరువుల దుకాణంలో దొరికే అన్నభేదే. బత్తాయి తోటల్లో, వేరుశనగలో ఆకులు పాలిపోతే లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొడతారు. నిమ్మ ఉప్పు ఎందుకని రైతును అడిగితే 'లేకుంటే మందు విరుగుతది' అంటాడు. సున్నం ఎక్కువున్న నేలలో, క్షారత ఉన్న బోరు నీళ్లలో ఇనుము తుప్పై అడుగుకు చేరితే ఆకుకు అందదు. సముద్రం అడుగున జరిగేది, స్ప్రే ట్యాంకులో రైతు జరగనివ్వనిది ఒకే చర్య. ఈ ఒక్క పోలిక పుస్తకంలో ఉంటే పది పేజీల బొమ్మలు మిగిలేవి. దుకాణం అన్నభేది ప్రదర్శనకు చాలు, టైట్రేషన్లకు పనికిరాదు. పలుకులు లేతపచ్చగా ఉన్నవే ఏరుకోవాలి. గోధుమ పూత పట్టినవాటిలో ఇనుము అప్పటికే ఫెర్రిక్ అయింది. చిలేటెడ్ ఇనుము (తుప్పు కాకుండా సేంద్రియ అణువుతో కట్టేసిన ఇనుము) పొట్లం, నిమ్మ ఉప్పు ముందే కలిపిన పొట్లం తెస్తే అవక్షేపం పడదు.

ఒక బీకరును ఐసు గిన్నెలో పెట్టి ఇదే ప్రయోగం మళ్లీ చేయించండి. పీహెచ్ మారకుండా 15 డిగ్రీలు తగ్గితే వేగం పదో వంతుకు దిగుతుంది. ఏప్రిల్‌లో గది వేడిలో చేస్తే పిల్లలు నోట్‌బుక్కు తెరిచేలోపే రంగు మారిపోతుంది, ఐసులో చేస్తే గడియారం చూసి రాసుకునే తీరిక దొరుకుతుంది. అసలు సముద్రంలో కూడా ఈ తేడా ఉంది: లోతు నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువున్న అట్లాంటిక్‌లో ఊట ఇనుము సగం మారడానికి నిమిషాలు చాలు, ఆక్సిజన్, పీహెచ్ రెండూ తక్కువున్న పసిఫిక్‌లో గంటలు పడుతుంది. తూర్పు పసిఫిక్ శిఖరం నుంచి బయల్దేరిన ఇనుము 4,000 కిలోమీటర్లకు పైగా పడమరకు ప్రయాణించిందని 2015లో తేలింది. పుస్తకం మాత్రం 'ఇనుమంతా గొట్టాల పక్కనే గుట్టగా పడుతుంది' అని ఒక్క వాక్యంలో తేల్చేసింది.

రెండో ప్రయోగం ఈ పెట్టెలోకెల్లా మంచిది. మూడో సీసాలో లేనిదాన్ని చేతులారా చేసుకునేది ఇక్కడే. 2.7 గ్రాముల ఫెర్రిక్ క్లోరైడును 100 మి.లీ. నీళ్లలో కరిగించి, కలుపుతూ ఒక మోలార్ సోడియం హైడ్రాక్సైడు 30 మి.లీ. దాకా చుక్కచుక్కగా పోయాలి. చివరి రెండు మి.లీ. పీహెచ్ పేపరు చూసుకుంటూ పోసి 7, 8 మధ్య ఆపాలి. ముదురు గోధుమ జిగురు ముద్ద వస్తుంది, అదే ఫెర్రిహైడ్రైట్, పొడిగా లెక్కేస్తే ఒక గ్రాము. తేరిన నీళ్లు ఒంపేసి మూడు నాలుగు సార్లు కడగాలి. పుస్తకం ఒక్కసారి కడిగితే చాలంటుంది, చాలదు, ఉప్పు మిగిలిపోతుంది. క్షారం వేయక ముందే ద్రావణాన్ని వేడి చేసే తొందర కొందరిది. అప్పుడు క్లోరైడును లోపల ఇరికించుకుని అకగనేయిట్ అనే వేరే ఖనిజం వస్తుంది. ప్రయోగంగా అది తప్పే కానీ ఖనిజంగా ఊసుపోక పుట్టినది కాదు, ఎర్రసముద్రంలో వేడి ఉప్పునీరు నిలిచిన అట్లాంటిస్-2 మడుగు అవక్షేపాల్లో అకగనేయిట్ దొరికింది.

కడిగిన ముద్దను నాలుగు భాగాలు చేయండి. మొదటిది అట్లాగే నీళ్లలో, చల్లని చోట. రెండోదానికి సోడియం హైడ్రాక్సైడు కలిపి పీహెచ్ 12 దాటించి, మూతపెట్టి, 70 డిగ్రీల ఓవెన్‌లో రెండున్నర రోజులు. అది పసుపు తిరుగుతుంది, గోథైట్. మూడోది పీహెచ్ 7, 8 లోనే 90 డిగ్రీల దగ్గర కొన్ని రోజులు. అది ఎర్రబడుతుంది, హెమటైట్ పాలు ఎక్కువ. నాలుగోది కూడా రెండోదానిలాగే, కాకపోతే ముందుగా చిటికెడు సోడియం సిలికేటు కలపాలి. రెండోది పసుపైన రోజుకు ఇది ఇంకా గోధుమ రంగులోనే ఉంటుంది. కరిగిన సిలికా కణాల మీద అతుక్కుని కరగడాన్ని, మళ్లీ పేరుకోవడాన్ని అడ్డుకుంటుంది. ఊట నీళ్లలో సిలికా దండిగా ఉంటుంది కాబట్టే సముద్రం అడుగున ఫెర్రిహైడ్రైట్ అంతకాలం నిలుస్తుంది. పుస్తకంలో నాలుగో భాగం లేదు, సోడియం సిలికేటు పొట్లమూ లేదు. విడిగా కొనుక్కోండి. క్షారం పోసిన భాగాలను గాజు బీకరులో వేడి చేయవద్దు: వేడి క్షారం గాజులోని సిలికాను కరిగిస్తుంది, అప్పుడు రెండో భాగం కూడా నాలుగోదానిలా మొరాయిస్తుంది. పాలీప్రొపిలీన్ సీసా వాడాలి. 'నా గోథైట్ పసుపు కాలేదు' అన్న ఫిర్యాదుల్లో ఈ కారణాన్ని కూడా వెతకాలి.

మాగ్నెటైట్ చేసి చూపాలంటే ఐదు నిమిషాల పని. ఫెర్రిక్ క్లోరైడు 2.7 గ్రాములు, ఫెర్రస్ సల్ఫేటు 1.4 గ్రాములు కలిపిన ద్రావణంలో ఒక మోలార్ క్షారం 40 మి.లీ. కన్నా కొంచెం ఎక్కువే, గట్టిగా కలుపుతూ పోస్తే నల్లగా విరుగుతుంది. కింద అయస్కాంతం పెడితే ముద్దంతా కదులుతుంది. ఫెర్రస్ పాతదైతే నలుపు రాక గోధుమ రంగు వస్తుంది.

రాళ్లలో పెద్దగా వంక పెట్టేదేం లేదు. పైరైట్ ఘనాలు నిగనిగలాడుతున్నాయి, హెమటైట్, మాగ్నెటైట్, చాల్కోపైరైట్ సరైనవే. అన్నీ నేల మీది గనుల రాళ్లే, సముద్రం నుంచి తీసినవి కావు. పెట్టె మూత మీది బొమ్మ చూసి ఎవరైనా వేరేలా అనుకుంటే తప్పు బొమ్మది. 'లిమోనైట్' అని ఒక రాయికి చీటీ అంటించారు. అది ఒక ఖనిజం పేరు కాదు, గోథైట్ ముఖ్యంగా ఉండే పసుపు తుప్పుల గంపగుత్త పేరు.

గోథైట్, హెమటైట్ రాళ్ల చీటీలు తారుమారైతే సాంద్రతతో పట్టుకోవచ్చు. డిజిటల్ తక్కెడ మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, రాయిని దారంతో కట్టి అడుగుకు తగలకుండా నీళ్లలో ముంచాలి. తక్కెడ చూపే గ్రాములే రాయి ఘనపరిమాణం. 52 గ్రాముల రాయికి 10 చూపితే సాంద్రత 5.2, హెమటైట్. 13.3 చూపితే 3.9, గోథైట్. ముంచిన వెంటనే బుడగలు వస్తే రాయిలో రంధ్రాలున్నట్టు, రాత్రంతా నానబెట్టి మళ్లీ తూచాలి. స్ట్రీక్ ప్లేటు మీద హెమటైట్ ఎర్రటి గోధుమ గీత, గోథైట్ పసుపు గోధుమ గీత ఇస్తాయి. ఎర్ర సిలికా రాయి జాస్పర్ ఎర్ర గీత ఇస్తుందని పుస్తకం రాసింది. జాస్పర్ కాఠిన్యం 7 దగ్గర, ప్లేటునే గీరేస్తుంది, పొడి రాలదు. పెట్టెలోని ప్లేటు పగిలితే బాత్‌రూమ్ టైలు వెనుక వైపు సరిపోతుంది.

అయస్కాంతం బలహీనం. మాగ్నెటైట్‌కు సరే, పైరోటైట్‌కు చాలదు. పాడైన హార్డ్ డిస్కులోని నియోడిమియం ముక్కను దారానికి వేలాడదీసి రాయి పక్కకు తెస్తే ఒరుగుతుంది. ఇనుప కార్బొనేటు ఖనిజమైన సైడరైట్‌కు ఇచ్చిన ఆమ్లం పరీక్షలో 'పొంగుతుంది' అని మాత్రమే ఉంది. చల్లని సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో సైడరైట్ ముక్క దాదాపు కదలదు, పొడి చేసి గోరువెచ్చగా చేస్తే మెల్లగా బుడగలొస్తాయి. తేడా చూపడానికి వాడపల్లి, మిర్యాలగూడ వైపు సున్నపురాయి ముక్క పక్కన పెట్టండి, అది చుక్క పడగానే పొంగుతుంది. పైరోటైట్ మీద ఆమ్లం వేయనివ్వకండి. కుళ్లిన గుడ్ల వాసనతో వచ్చే హైడ్రోజన్ సల్ఫైడు విషవాయువు.

మార్కసైట్ మీద కన్నేసి ఉంచాలి. పైరైట్‌కున్న సూత్రమే దీనికీ, స్ఫటికం అమరిక వేరు, ఆమ్ల ద్రావణాల్లో పుట్టడం దీని అలవాటు. వానాకాలం తేమకు ఇది నిదానంగా తెల్లటి బూజు లాంటి పొడిగా విచ్చుతుంది. ఆ పొడి ఫెర్రస్ సల్ఫేటు, వెంట సల్ఫ్యూరిక్ ఆమ్లం. పక్కనున్న చీటీ, అట్టపెట్టె, స్పాంజి అన్నీ తినేస్తుంది. పెట్టెలో మార్కసైట్‌ను సైడరైట్ పక్క గడిలో పెట్టారు, అంతకంటే చెడ్డ చోటు లేదు. జూన్ రాకముందే దాన్ని తీసి, సిలికా జెల్ పొట్లంతో మూత బిగుతున్న విడి డబ్బాలో పెట్టండి. ఉతికి తుడిచి పెడదామని నీళ్లలో ముంచకండి.

నాలుగో సీసా 'నాంట్రొనైట్'. గలపాగోస్ గుట్టల్లో తక్కువ వేడి ఊటల దగ్గర ఏర్పడిన పసుపుపచ్చ ఇనుప బంకమన్ను అది. సీసాలో ఉన్నవి ముదురుపచ్చ గింజలు, గ్లాకొనైట్ అనే మరో పచ్చ ఇనుప ఖనిజమని గట్టి అనుమానం. నీళ్లలో వేస్తే నాంట్రొనైట్ జారుడుగా విచ్చుకోవాలి, ఇవి ఇసుకలా అడుగున కూర్చున్నాయి. ఖాయం చేయాలంటే ఎక్స్‌ఆర్‌డీకి పంపాలి: ఇథిలీన్ గ్లైకాల్ పట్టించాక పొరల మధ్య దూరం 1.7 నానోమీటర్లకు ఉబ్బితే నాంట్రొనైట్, 1.0 దగ్గరే ఉంటే కాదు.

స్లైడ్లలో రెండు పనికొస్తాయి. మూడోది 'సముద్రగర్భ ఇనుప బాక్టీరియా' అట. మెలితిరిగిన తాడు లాంటి కాడలు 400 రెట్ల దగ్గర కనిపిస్తున్నాయి, బాగుంది. కానీ కాడలను చూసి అది సముద్రపు మారిప్రోఫండస్ అనలేం, మంచినీటి గాలియొనెల్లా కూడా అదే ఆకారం చేస్తుంది. హవాయి దగ్గరి లోయిహి సముద్రపర్వతం మీది చాపల్లా పరుచుకున్న తుప్పు, బాక్టీరియా పొరల్లో మొదటిది దొరుకుతుంది, రెండోది మన బోరు కాడ దొరుకుతుంది. గోలెం అంచున, పైపు కారే చోట నారింజ రంగు జిగురు కనిపిస్తే ఒక చుక్క స్లైడు మీద వేసి చూడండి. నీటి మీద తేలే ఇంద్రధనస్సు పొరను పుల్లతో పొడిస్తే పెంకుల్లా విరిగితే ఇనుము, మళ్లీ కలిసిపోతే నూనె.

పుస్తకం చివర ఒక మంచి అభ్యాసం ఉంది, దానికి మార్కులు వేయాలి. అల్యూమినియాన్ని అల్యూమినియం, ఇనుము, మాంగనీసుల మొత్తంతో భాగించి, 0.4 కన్నా తక్కువ వస్తే అవక్షేపంలో వేడినీటి ఊటల వాటా ఉందని చెప్పే బోస్ట్రోమ్ సూచిక. అయితే పట్టికలో ఆక్సైడు శాతాలిచ్చి, మూలకాల శాతాలుగా మార్చమని చెప్పలేదు. అల్యూమినియం ఆక్సైడును 0.529తో, ఫెర్రిక్ ఆక్సైడును 0.699తో, మాంగనీస్ ఆక్సైడును 0.774తో గుణించాలి. ఉదాహరణకు ఆక్సైడులు వరుసగా 4, 30, 5 శాతమైతే మూలకాలు 2.1, 21.0, 3.9. సూచిక 0.08. ఊట అవక్షేపమే. అదే మన చెల్క నేలకు 15, 6, 0.1 శాతం అనుకుంటే 0.65. ఆ నేల ఎర్రగా ఉన్నంత మాత్రాన ఊట అవక్షేపం కాదని పిల్లలకు అంకెల్లో చూపడానికి ఇంతకన్నా మంచి లెక్క లేదు.

చరిత్ర పేజీ వేడినీటి ఊటలు మొదటిసారి కనిపించిన 1977 గలపాగోస్, 1979 తూర్పు పసిఫిక్ దగ్గరే ఆగిపోయింది. మన దేశం 2016లో అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థతో హిందూ మహాసముద్రంలో 10,000 చదరపు కిలోమీటర్లకు సల్ఫైడు అన్వేషణ ఒప్పందం చేసుకుంది. 2024 డిసెంబరులో మధ్య హిందూ మహాసముద్ర శిఖరం మీద 4,500 మీటర్ల లోతున ఉన్న సజీవ ఊటను మన శాస్త్రవేత్తలు ఫొటో తీశారు. 2025 సెప్టెంబరులో అదే మహాసముద్రంలోని కార్ల్స్‌బర్గ్ శిఖరానికి రెండో ఒప్పందం కుదిరింది. ఈ మూడు వాక్యాలు తర్వాతి ముద్రణలో చేరిస్తే కాగితం కూడా పెరగదు.

కొనే విషయానికొస్తే, జియాలజీ ఉన్న కాలేజీ అయితే రాళ్ల సెట్టును విడిగా అడగండి, పెట్టె ధరలో సగానికి కాస్త ఎక్కువకు ఇస్తున్నారు. కెమిస్ట్రీ మాత్రమే ఉన్న చోట రాళ్లూ అక్కర్లేదు: ఫెర్రిక్ క్లోరైడు, ఫెర్రస్ సల్ఫేటు, సోడియం హైడ్రాక్సైడు, సోడియం సిలికేటు మీ స్టాకులో ఉంటే రెండో ప్రయోగం రేపే మొదలుపెట్టవచ్చు. మొత్తం పెట్టె తీసుకోక తప్పకపోతే ఇండెంటులో రెండు షరతులు రాయండి: మూడో సీసా ఆరబెట్టిన పొడిగా, తయారీ తేదీతో రావాలి, మార్కసైట్ విడి డబ్బాలో రావాలి. బిల్లు పాస్ చేసే ముందు ఆక్సలేట్ పరీక్ష చేయండి. ఆ రెండు గంటలూ ఫాయిల్ విప్పి చూడకండి.